బెల్లం పూసిన కళ్లెం

“ఉరికే గుర్రం తాడు చేతికి చుట్టుకుంటర్రా ఎవలన్న? మీ బాపు నీకు గిదేనా నేర్పింది?”

పొద్దున్నుంచి మణెమ్మ ఈ ఒక్క మాటనే తిప్పి తిప్పి అడుగుతోంది. అడిగినప్పుడల్లా దగ్గరికొచ్చి కొడుకు భుజం మీది కట్టు సరిగ్గా ఉందో లేదో తడిమి చూసుకుంటోంది. నోరు తిడుతూనే ఉంది, చెయ్యి నిమురుతూనే ఉంది.

నిశాంత్ అరుగు మీద మంచంలో కూర్చుని ఎడమ చేత్తో చాయ్ తాగడానికి తంటాలు పడుతున్నాడు. నిన్న జారిన కుడి భుజాన్ని దవాఖానలో డాక్టర్ మళ్ళీ గూట్లో కూర్చోబెట్టి, చేతిని మెడకు వేలాడదీసి పంపాడు. సగం చాయ్ చొక్కా తాగింది.

“బాపు నాకు మంచిగనే నేర్పిండు. నీ బాద్షాకే ఎవ్వలు నేర్పలే,” అన్నాడు.

వంటింటి గడపలో నిలబడ్డ నవత ఈ మాటతో గరిటె కింద పెట్టేసింది. భర్త ఒకటంటాడు, అత్త ఇంకొకటంటుంది, మధ్యలో తాను అడకత్తెరలో పోకచెక్క. నాలుగేళ్ళ కిందట రావిర్యాల నుంచి కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఆమె చోటు అదే.

నిన్న జరిగింది ఇబ్రహీంపట్నంలో ఆ గల్లీ అంతా చూసిందే. చూడనివాళ్ళకు చూసినవాళ్ళు చెప్పేశారు కూడా.

ఆ ఇంటి గుర్రాలు పెళ్ళి బరాత్‌లకు పోతాయి. మణెమ్మ పెనిమిటి బాల్‌రెడ్డి ఉన్నన్నాళ్ళూ సాగర్ రోడ్డు మీద ఆయన గుర్రం ఎక్కకుండా పెళ్ళికొడుకైనవాడు తక్కువ. ఆయన మాటంటే మాట. వానొచ్చినా వరదొచ్చినా, చెప్పిన ముహూర్తానికి గుర్రం ఫంక్షన్ హాలు ముందు నిలబడేది. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఆయన సాకిన లచ్చి ముసలిదై కొట్టంలో విశ్రాంతి తీసుకుంటోంది. ఇక దాని పిల్లలే అందుకోవాలి. పెద్దది బాద్షా, మగది. చిన్నది సుక్క, ఆడది. నొసట తెల్లటి చుక్కతో పుట్టింది కాబట్టి ఆ పేరు.

బరాత్ గుర్రం డప్పుకు బెదిరితే పెళ్ళికొడుకు పీటల మీదికి కాదు, దవాఖానకు పోతాడు. అందుకే ఆ ఇంట్లో గుర్రప్పిల్లకు చెవులు నిలిచిన నాటి నుంచే చప్పుడు అలవాటు చేస్తారు. ఆ పని మణెమ్మది. దాణా పెట్టే ముందు స్టీలు పళ్ళేన్ని గరిటెతో దంచి వాయిస్తుంది. చప్పుడు వినబడితే ఉలవ గుగ్గిళ్ళు వస్తాయని పిల్లలకు తెలిసిపోతుంది, భయం పోతుంది.

భయం పోయింది. ఎంత పోయిందో నిన్నే తెలిసింది.

పక్కింటి యాదయ్య తల్లి బుచ్చమ్మ కాలం చేసింది. నిండుగా బతికిన మనిషని డప్పులతో సాగనంపుతున్నారు. పాడె వీళ్ళ ఇంటి ముందుకు వచ్చేసరికి బాద్షా, సుక్క కొట్టం గడె విరగదోసుకుని, గేటు నెట్టుకుని శవయాత్రలో పడ్డాయి. గుగ్గిళ్ళ కోసం! సుక్క పోయి డప్పు కొట్టే యోబు గుండెల మీద మూతి పెట్టి డప్పు తోలు నాకింది. బాద్షా పాడెకు అడ్డం తిరిగింది. నిశాంత్ దాని తాడు దొరకబుచ్చుకుని చేతికి చుట్టుకున్నాడు. అది ఈడ్చుకుపోయింది. యోబు డప్పు ఆపాడు. డప్పు ఆగగానే గుర్రాలు రెండూ ఆగి, పళ్ళెం ఏది అన్నట్టు దిక్కులు చూశాయి.

పాడె మోసినవాళ్ళు తూలారు గానీ పడిపోలేదు. దానికి మణెమ్మ సందెదీపం పెట్టి, తెలిసిన దేవుళ్ళందరికీ వరసగా దండం పెట్టుకుంది. ఆ దండాల్లో చివరిది బుచ్చమ్మకు.

“అమ్మా, ఇగ రెండే తొవ్వలు,” నిశాంత్ గ్లాసు పక్కన పెట్టాడు. “నాదర్‌గుల్ హేమచంద్ర సార్‌ను పిలుద్దాం. గుర్రాలకు నేర్పుడే ఆయన పని. లేకుంటే కందుకూరు దివాకర్‌కు రెంటిని ఇచ్చేద్దాం. ఆయనకు ఫామ్‌హౌస్ ఉన్నది, జాగ ఉన్నది, ఎప్పటిసంది అడుగుతున్నడు.”

“మూడో తొవ్వ లేదా?”

“ఏంది మూడోది?”

“మనమే నేర్పుకునుడు. మీ తాత నేర్పిండు, మీ బాపు నేర్పిండు. ఈ ఇంట్ల గుర్రప్పిల్ల మీద బయటోడు చెయ్యి పెట్టలే.”

“బాపు లేడు గదనే.”

కొట్టంలో లచ్చి ఒకసారి ముక్కు చీదింది. నిశాంత్ ఫోన్ మోగింది. ఎవరో చూసి కట్ చేశాడు.

“నేను నేర్పుత,” అంది నవత.

“నువ్వా?” తల్లీకొడుకులు ఒక్కసారే అన్నారు. పొద్దున్నుంచి వాళ్ళిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

“నేనే. సుక్క పుట్టిననాడు ఇంట్ల నేనొక్కదాన్నే ఉన్న. నా చేతులల్లనే పడ్డది. కొత్తగొచ్చినప్పుడు ఈ ఇంట్ల నాకు ఎవ్వలతోటి ఏం మాట్లాడాల్నో తెల్వకపోయేది అత్తమ్మా. కొట్టంల పోయి దానితోనే మాట్లాడేది. అది నాకు తోడున్నది. దాన్ని కందుకూరుకు పంపుతమంటే నా పాణం ఒప్పది.”

మణెమ్మ కోడలి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు గానీ నమ్మకం కూడా లేదు.

“నీకు దాని మీద పాణం, నేనొద్దంటలేను. గని గుర్రానికి నేర్పుడంటే ముద్దు చేసుడు కాదు బిడ్డా. నువ్వు దాణా పెట్టుడు సూడలేదా నేను? గుగ్గిళ్ళ బకెట్ పట్టుకొని, దాని నొసట చెయ్యి పెట్టి ‘ఆగమ్మా, ఆగమ్మా’ అనుకుంట నిలవడ్తవ్. అది ఆగి, సల్లవడి, ఊపిరి ఇడిస్తే గప్పుడు పెడ్తవ్. ఆకలైన జీవాన్ని ఉత్తగ సతాయించుడు!”

“మొదట్ల భయమైంది అత్తమ్మా. ఉరికొచ్చి మీద పడతదని ఆపిన. తర్వాత గట్లనే అలవాటైంది.”

“అదే అంటున్న. భయమున్నోళ్ళు గుర్రానికేం నేర్పుతరు?”

నవత జవాబు చెప్పేలోపే గేటు అవతల నుంచి ఎవరో దగ్గారు.

యాదయ్య. తల్లికి నిప్పుపెట్టి వచ్చి ఒక్క రోజన్నా గడవలేదు. భుజం మీద తడి తువ్వాలుతో గేటు బయట నిలబడి ఉన్నాడు.

కన్నతల్లి చివరి ప్రయాణంలో గుర్రాలను వదిలిన ఇంటికి ఎవరైనా ఎందుకొస్తారు? మణెమ్మ కొంగు నిండుగా కప్పుకుని గేటు దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్ళింది. వెనకే నవత, ఆమె వెనక నిశాంత్.

“లోపలికి రా యాదయ్యా.”

“మైల ఉన్నది వదినె. ఇక్కడ్నే నిలవడ్త.”

“నీ కాళ్ళు మొక్కుతయ్యా. మీ అమ్మ పోయే తొవ్వకు మా జీవాలు అడ్డమొచ్చినయి. ఏ మొకం పెట్టుకొని మీ ఇంటికి రావాల్నో తెల్వక కూసున్న.”

“గట్ల అనకు.” యాదయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. “నేను కొట్లాటకు రాలే. మా అమ్మకు ఈ పిల్లలంటే ఎంత పాణమో నీకెర్కనే. గోడ మీదికెళ్ళి వాటికి బెల్లం ముక్క పెట్టందే చాయ్ ముట్టకపోయేది. సావుకొచ్చిన సుట్టాలు ఏమంటున్నరో తెల్సా? ‘ముసలమ్మను గుర్రాలొచ్చి సాగనంపినయి, ఎవ్వలకుంటదిరా గసుంటి భాగ్యం’ అంటున్నరు. నాకు మస్తు మంచిగనిపిచ్చింది వదినె. గది నీకు చెప్పిపోదామని వచ్చిన.”

నిన్నటి నుంచి ఆపుకున్నదంతా మణెమ్మ కళ్ళలోంచి ఒక్కసారే వచ్చింది. తిడతాడనుకున్న మనిషి మంచి మాట చెబితే ఆపుకోవడం కష్టం. ఆమె ఆపుకోలేదు.

“ఇంకోటి చెప్పాలె. జర నిమ్మళంగ ఇను.” యాదయ్య నిశాంత్ కట్టు వైపు చూశాడు. “పాడె ముందు మా మనుమరాలు అంకిత పేలాలు చల్లుకుంట నడుస్తున్నది. బాద్షా అడ్డం తిరిగినప్పుడు దాని కాలు పిల్ల పక్కకే పడ్డది. ఇంకో అడుగు పడితే పిల్ల మీదనే. నీ కొడుకు తాడు చేతికి చుట్టుకొని లాగిండు. అందుకే అది పక్కకు తిరిగింది.”

మణెమ్మ వెనక్కి తిరిగి కొడుకును చూసింది.

“నిశాంతూ, నీ భుజం పోయింది, మా పిల్ల మాకున్నది. మా కోడలు నీ పేరు చెప్పి మొక్కుకున్నది. నేను బతికున్నన్ని దినాలు మర్సిపోను కొడుకా.”

“నాదేం లేదు కాకా. చెయ్యికి తాడు దొరికింది, పట్టుకున్న.”

“అవ్, పట్టుకున్నవ్. ప్రతిసారి దొరుకుతదా?” యాదయ్య గొంతు తగ్గించాడు. “మీరు నేర్పుకుంటరో, ఎవరితోనన్న నేర్పిస్తరో మీ ఇష్టం. గని నేర్పుండ్రి. ఇది మా గల్లీల పిల్లలందరి కోసం అంటున్న.”

ఆయన వెళ్ళిపోయాక మణెమ్మ కొడుకు ముందు నిలబడింది.

“ఎందుకు చెప్పలేదురా? పొద్దున్నుంచి తిడుతున్న గద. ఒక్క మాట చెప్తే అయిపోయేది.”

“చెప్తే నువ్వు బువ్వ తింటవా?”

మణెమ్మ ఆ కట్టును మళ్ళీ తడిమింది. ఈసారి తిట్టలేదు.

“పిలువు మీ సార్‌ను,” అంది.

నిశాంత్ ఫోన్ తీశాడు. తీసేసరికే అది మోగుతోంది. ముఖం చిట్లించి మళ్ళీ కట్ చేసి, హేమచంద్రకు కలిపాడు.

హేమచంద్ర గోదావరి వైపు మనిషి. హైదరాబాద్ వచ్చి స్థిరపడి, నాదర్‌గుల్ శివార్లో నాలుగు గుర్రాలతో పిల్లలకు స్వారీ నేర్పుతున్నాడు. ఎండ నడినెత్తికి రాకముందే మోటారు సైకిల్ మీద వచ్చాడు. రాగానే గుర్రాల దగ్గరికి పోలేదు. మంచినీళ్ళు తాగి అరుగు మీద కూర్చుని, “రోజూ ఎలా మేపుతారో అలాగే కానివ్వండమ్మా. నేను చూస్తానండి,” అన్నాడు.

మణెమ్మ పళ్ళెం అందుకుంది. మోగించిందో లేదో బాద్షా ఉరికొచ్చి బకెట్‌లో తలపెట్టేసింది. సుక్క నవత వైపు వచ్చింది. నవత దాని నొసటి చుక్క మీద అరచెయ్యి ఆనించి, “ఆగమ్మా,” అంది. సుక్క కాళ్ళు తొక్కింది, తల విదిలించింది, ఆగింది, పొడుగ్గా ఊపిరి వదిలింది. అప్పుడు గుగ్గిళ్ళు పెట్టింది.

హేమచంద్ర రెంటినీ మార్చి మార్చి చూశాడు.

“మా గుర్రాలకు డప్పు భయం లేదు సారూ,” మణెమ్మ తనే మొదలుపెట్టింది. ఆ ఒక్క సంగతిలోనైనా తల ఎత్తుకోవాలి కదా.

“అది నేను మీ దగ్గర నేర్చుకోవాలండి. మా వాటికి నెత్తిమీద విమానం పోయినా పట్టదు, రన్‌వే పక్కనే ఉన్నాం గనక. అదే బ్యాండు మేళం వింటే గోడలెక్కేస్తాయి. మీరు పళ్ళెం, గరిటెతో తేల్చేశారు. దణ్ణం పెట్టాలండి మీకు.”

మణెమ్మ ముఖం విప్పారింది. బయటోడని పొద్దున అన్నది ఈ మనిషినే. “మాటకొక అండి పెడుతున్నవ్, జర తగ్గియ్యి సారూ, నాకు సిగ్గయితున్నది,” అంది. హేమచంద్ర నవ్వాడు.

“దగ్గరికి రావడం బాగా నేర్చుకున్నాయి. ఆగడం నేర్చుకోవాలి. దానికి తాడు, కళ్లెం పని ఉంది.” ఆయన లేచి బాద్షా దవడ పక్కన చూశాడు. “మూడేళ్ళు దాటాయి కదండీ. ఇంతవరకు కళ్లెం ఎందుకు పెట్టలేదు?”

నిశాంత్ తల్లిని చూశాడు. నవత నేలను చూసింది. మణెమ్మ గోడ వైపు తిరిగి, చేతిలో పళ్ళేన్ని కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. అందులో తుడవడానికేమీ లేదు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. గుర్రప్పిల్లకు మొదటిసారి కళ్లెం పెట్టే రోజు, నోట్లోకి పోయే ఇనుముకు బెల్లం పాకం పూస్తారు. ఇనుము తియ్యగా ఉంటే పిల్ల ఉమ్మెయ్యదు. పెట్టేది ఇంటి పెద్ద. బాల్‌రెడ్డి చేత్తో కళ్లెం పెట్టించుకున్న చివరి గుర్రం లచ్చే. ఆ కళ్లెం ఇప్పుడు మణెమ్మ సందుగ పెట్టెలో, ఆయన ధోవతి కింద ఉంది. నవతకు తెలుసు, నిశాంత్‌కూ తెలుసు. తీయమని ఇద్దరిలో ఎవరూ ఎన్నడూ అడగలేదు.

“పెట్టేటాయన పోయిండు సారూ,” అంది మణెమ్మ, గోడ వైపే చూస్తూ. “టైము దాటుతున్నదని నాకెర్కనే. రేపు పెట్టాలె, రేపు పెట్టాలె అనుకునేది. సందుగ తెరిచి మళ్ళ మూసేది. గా కళ్లెం వేరేవాళ్ళ చేతిల పెడ్తే ఆయన నిజంగనే పోయినట్టైతదని... ఏం చెయ్యను? పళ్ళెం వాయించుడు నా వంతు. నా వంతు నేను చేసుకుంట కూసున్న. సగం నేర్పి వాటిని రోడ్డు మీదికి ఇడిసిన. ఆ చిన్నపిల్లకు ఏమన్న అయితే...”

“అత్తమ్మా, కాలేదు గద,” నవత వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

“కాలేదు. దేవుడు సల్లగుండ, కాలేదు.”

హేమచంద్ర నెమ్మదిగా చెప్పాడు. “నేను తీసుకెళ్ళి నేర్పొచ్చండి. కానీ నా దగ్గర నేర్చుకున్నది ముందు నా చేతికి ఆగుతుంది. మీ చేతికి ఆగాలంటే మీలో ఒకరు దానితో పాటు నేర్చుకోవాలి. మీ ఇంట్లోనే నేర్పుతామన్నా కాదనను, వారం వారం వచ్చి చూపిస్తాను. ఎటొచ్చీ ఒక గుర్రానికి ఒక చెయ్యే ఉండాలి. ఏది ఎక్కడ నేర్చుకోవాలో డప్పునే అడుగుదాం. మళ్ళీ కొట్టేవాళ్ళు దొరుకుతారా?”

యోబును పిలవడానికి ఎంతోసేపు పట్టలేదు. గల్లీ చివరే ఇల్లు. డప్పు భుజానికి తగిలించుకుని నవ్వుతూ వచ్చాడు.

“మణెమ్మక్కా, నిన్న నా డప్పంత నాకింది మీ సుక్క. తోలు మెత్తగై సప్పుడే మారింది. ఇయ్యాల మంట మీద కాపుకొని వచ్చిన.”

“నీకు పుణ్యముంటది యోబూ. నిన్న నువ్వు ఆపకపోతే మా పని ఏమయ్యేదో.”

“మా ఇంటి పెండ్లిళ్ళన్నిటికి బాల్‌రెడ్డన్న గుర్రమే వచ్చింది. గీమాత్రం చెయ్యనా అక్కా!”

గేటుకు గడె, దాని వెనక అడ్డంగా దూలం పెట్టారు. బాద్షా తాడు కొట్టం గుంజకు కట్టి, కొస హేమచంద్ర పట్టుకున్నాడు. సుక్క తాడు నవతకు ఇచ్చాడు. “చేతికి మాత్రం చుట్టుకోకండమ్మా,” అన్నాడు. మణెమ్మ కొడుకు వైపు ఓరగా చూసింది. నిశాంత్ తల దించుకుని నవ్వుకున్నాడు.

యోబు గేటు అవతల నుంచి మొదలుపెట్టాడు.

మొదటి దెబ్బకే బాద్షా చెవులు లేచాయి. రెండో దెబ్బకు ముందుకు దూకింది. గుంజ కిర్రుమంది. హేమచంద్ర తాడు వదులు చేసి, బిగించి, దాన్ని గుండ్రంగా తిప్పుకుంటూ చెమటలు కక్కాడు. అది డప్పు తప్ప ఏమీ వినిపించుకోవడం లేదు.

సుక్క కూడా కదిలింది. తాడు బిగుసుకుంది. నవత రెండడుగులు ముందుకు పోయింది, పడబోయి తమాయించుకుంది. నిశాంత్ అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాడు. వెళ్ళి పట్టుకోవడానికి అతనికి ఉన్నది ఒక్క చెయ్యి.

“ఆగమ్మా.”

నవత సుక్క పక్కకు పోయి, దాని నొసట చెయ్యి పెట్టింది. “ఆగమ్మా, ఆగు.”

సుక్క తల విదిలించింది. కాళ్ళు తొక్కింది. మణెమ్మ దూలం జరిపి యోబును గేటు ఇవతలికి రానిచ్చి, మళ్ళీ గడె పెట్టింది. యోబు ఇంకా దగ్గరికి వచ్చాడు. సుక్క మూతి నుంచి జొల్లు కారుతోంది. చెవులు డప్పు వైపు తిరిగి, నవత వైపు తిరిగి, మళ్ళీ డప్పు వైపు తిరిగాయి. అయినా అడుగు వేయలేదు. నిలబడింది. నిలబడి పొడుగ్గా ఊపిరి వదిలింది.

హేమచంద్ర చెయ్యెత్తాడు. డప్పు ఆగింది. నవత దోసెడు గుగ్గిళ్ళు పెట్టింది, పెట్టేటప్పుడు ఏడ్చేసింది.

“నువ్వు సతాయిస్తున్నవనుకున్న బిడ్డా,” మణెమ్మ అంది. “నేర్పుతున్నవనుకోలే.”

“నేను గూడ అనుకోలే అత్తమ్మా.”

మణెమ్మ కోడలిని దగ్గరికి లాక్కుని నొసట ముద్దు పెట్టుకుంది. నాలుగేళ్ళలో అది మొదటిసారి. నవత దాన్ని ఎన్నాళ్ళుగా కోరుకుందో ఆ ఇంట్లో సుక్కకొక్కదానికే తెలుసు.

“ఈ అమ్మాయి ఇక్కడే నేర్చుకుంటుందండి, మీ కోడలిగారి దగ్గర,” హేమచంద్ర ముఖం తుడుచుకున్నాడు. “ఆ అబ్బాయిని నాతో పంపండి. చలికాలం అయ్యేలోపు మీ ఇంటికి తెచ్చే పూచీ నాది. మధ్యమధ్యలో నిశాంత్ వచ్చి నాతో పాటు పట్టాలి.”

మణెమ్మ లోపలికి వెళ్ళింది. సందుగ మూత చప్పుడు వినిపించింది. ఈసారి వెంటనే మూసిన చప్పుడు కాలేదు. తర్వాత పొయ్యి మీద బెల్లం కరిగే వాసన వచ్చింది. ఆమె బయటికి వచ్చేసరికి చేతిలో కళ్లెం ఉంది. ఇనుము మీద పాకం మెరుస్తోంది.

అప్పుడు అందరికీ ఒకేసారి తోచింది. గుర్రాలు రెండు, కళ్లెం ఒకటి.

ఆమె అటు నవతను చూసింది, ఇటు హేమచంద్రను చూసింది. కాసేపే. తర్వాత హేమచంద్ర చేతిలో పెట్టింది.

“వేరే తావుకు పోయేటోడు బాద్షా. కొత్త జాగ, కొత్త మనుషులు. వాని నోట్లె మా ఇంటి ఇనుమన్న ఉండాలె. మా ఆయన బతికుంటే నిన్ను పిలవనిచ్చేటోడు కాదు సారూ. గని నువ్వొచ్చినందుకు నా కడుపు నిండింది.”

హేమచంద్ర రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆయన నోట అండి కూడా రాలేదు.

“మరి సుక్కకు అత్తమ్మా?” నవత అడిగింది.

“కళ్లెం కొత్తది తెచ్చుకుందాం. బెల్లం నేను పూస్త, నువ్వు పెట్టు. నీకు నేనున్న గదనే.”

యోబు డప్పును చిన్నగా, సంతోషానికన్నట్టు రెండు దెబ్బలు కొట్టాడు. నవత నవ్వుతూ భర్త వైపు తిరిగింది.

నిశాంత్ నవ్వడం లేదు. గేటు వైపు చూస్తున్నాడు.

గేటు ముందు ఒక డీసీఎం మినీ లారీ వచ్చి ఆగింది. వెనక గడ్డి పరిచి ఉంది. దిగిన మనిషి మెళ్ళో తువ్వాలు సర్దుకుంటూ, “నిశాంత్ అన్నా, పొద్దున్నుంచి మా దివాకర్ సార్ ఫోన్ చేస్తుండు, ఎత్తుతలేవు. రెంటిని ఎక్కియ్యుమన్నడు. తాళ్ళు తెచ్చినం,” అన్నాడు.

గేటు వైపు కదిలిన మణెమ్మ కాలు తగిలి పళ్ళెం అరుగు మీద గింగిరాలు తిరిగింది. ఆ చప్పుడుకు బాద్షా తలెత్తింది.

“ఎవల బండిరా అది?”

“నేనే రమ్మన్న అమ్మా,” నిశాంత్ తల్లి వైపు తిరిగాడు. “నిన్న దవాఖానల పండుకున్నప్పుడు ఆ పిల్లనే కండ్ల ముంగట కనవడ్డది. దివాకర్‌కు నేనే ఫోన్ చేసిన. రెంటిని తీస్కపో అన్న. మాట ఇచ్చిన. తెల్లారినంక మనసొప్పలే, అందుకే సార్ పేరు గూడ చెప్పిన. నీకు ఎట్ల చెప్పాల్నో తెల్వక ఫోన్ ఎత్తలే.”

“మాట ఇచ్చినవా?”

“ఇచ్చిన.”

ఆ ఇంట్లో మాట ఇవ్వడమంటే ఏమిటో కొడుక్కు నేర్పింది మణెమ్మే, ఆమె పెనిమిటే. గుర్రానికి నేర్పడం ఆలస్యం చేశారు గానీ, కొడుక్కు అది నేర్పడంలో ఆలస్యం చేయలేదు.

“తప్పు నాది. ఇస్తలేనని నేనే చెప్త,” నిశాంత్ కట్టు సర్దుకుని గేటు వైపు నడిచాడు. వినేవాడు డ్రైవర్. మాట తీసుకున్నవాడు కందుకూరులో ఉన్నాడు.

గేటు గడె తీసిన చప్పుడైంది. నవత ఒక చెయ్యి సుక్క నొసట పెట్టి, రెండో చేతికి తాడును ఒక చుట్టు చుట్టుకుంది. తర్వాత ఇంకో చుట్టు.

మణెమ్మ అది చూసింది. చూసి ఏమీ అనలేదు.